చరిత్రలో ఒకే పేరున్నవారిని వేరుచేయడం

క్రీ.పూ. 44 మార్చిలో జూలియస్ సీజర్ అంత్యక్రియలు జరిగిన రోజున, పగతో రగిలిపోతున్న రోమ్ జనానికి వీధిలో ఒక మనిషి ఎదురుపడ్డాడు. పేరు సిన్నా అని తెలిసింది. అంతే, ఇంకేమీ అడగకుండా చంపేసి, తల ఈటెకు గుచ్చి ఊరేగించారు. జనం వెతుకుతున్నది ప్రేటర్ పదవిలో ఉన్న కొర్నేలియస్ సిన్నా కోసం. ముందురోజే సీజర్‌ను నిందిస్తూ మాట్లాడింది అతనే. చనిపోయిన హెల్వియస్ సిన్నా మాత్రం సీజర్‌కు మిత్రుడు, కవి కూడా. ఈ సంగతి తెలియగానే గయస్ కాస్కా అనే ట్రిబ్యూన్ (ప్రజల తరఫు అధికారి) హడలిపోయాడు. సీజర్‌ను పొడిచినవారిలో సెర్విలియస్ కాస్కా ఒకడు మరి. "నాకూ అతనికీ పేరు తప్ప మరే సంబంధమూ లేదు" అనే అర్థంలో ఊరందరికీ తెలిసేలా ప్రకటన చేసుకున్నాడు.

వీధిలో ఆ జనం చేసిన తప్పునే చరిత్ర రాసేవాళ్ళు కాగితం మీద ఎన్నోసార్లు చేశారు. పేరు కలిసింది కదా అని మనిషి కూడా అతనే అనుకున్నారు. పేరు ఎవరి గురించి వెతకాలో చెబుతుంది, అంతవరకే దాని పని. దొరికినవాడు అతనేనా కాదా అన్నది కాలం, ఊరు, తండ్రి, పదవి చెప్పాలి.

అసలు పేర్లు ఇంతగా ఎందుకు కలుస్తాయి? ముఖ్యమైన కారణం వాడుకలో ఉన్న పేర్లు తక్కువగా ఉండడం. రోమన్ గణతంత్రం చివరి రోజుల్లో మగవాళ్ళకు పెట్టే సొంత పేర్లు ఇరవై లోపే. పెద్దకొడుక్కి తండ్రి పేరే పెట్టేవారు. ఆడపిల్లలకు ఆ మాత్రం కూడా లేదు. వంశనామాన్నే స్త్రీలింగంలోకి మార్చి పిలిచేవారు. అందుకే సీజర్ మేనత్త జూలియా, అక్కచెల్లెళ్ళిద్దరూ జూలియాలే, కూతురు జూలియా. ఆ తర్వాత అగస్టస్ కూతురు జూలియా, మనవరాలు జూలియా. "జూలియా" అని మాత్రమే ఉన్న ఒక వాక్యం ఈ ఆరుగురిలో ఎవరిదైనా కావచ్చు. భర్త పేరు పక్కన ఉంటేనే దారి దొరుకుతుంది: మారియస్ భార్య అయితే మేనత్త, పాంపే భార్య అయితే కూతురు.

రెండో కారణం, తాత పేరు మనవడికి పెట్టడం. వేంగి చాళుక్యుల్లో విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లు తరం విడిచి తరం తిరిగి వస్తూనే ఉంటాయి. అక్కడ మనిషిని పట్టించేది బిరుదు. నరేంద్ర మృగరాజు అంటే రెండో విజయాదిత్యుడు, గుణగ అంటే మూడోవాడు, కొల్లభిగండ అంటే నాలుగోవాడు. శాతవాహనుల్లో శాతకర్ణులు ఎంతమందో! ఆ గుంపులోంచి ఒకరిని వేరుచేయడానికి తల్లి వైపు గుర్తు పనికొచ్చింది. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అన్నప్పుడు మొదటి మాటను అలంకారంగా చూసి వదిలేస్తే సగం సమాచారం పోయినట్టే.

ఇక కావాలని తీసుకున్న పేర్లు. 1929లో పుట్టినప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ పేరు మైకేల్. తండ్రి 1934లో జర్మనీ వెళ్ళి వచ్చాక, 16వ శతాబ్దపు మత సంస్కర్త మార్టిన్ లూథర్ మీద గౌరవంతో తన పేరూ కొడుకు పేరూ మార్చాడు. ఇలాంటిచోట ఇద్దరినీ కలిపి గందరగోళపడే ప్రమాదం లేదు, నాలుగు శతాబ్దాల దూరం ఉంది కాబట్టి. ప్రమాదమంతా దగ్గర కాలంలో, ఒకే రంగంలో ఉన్నవారితోనే.

అంకెలు ఎవరు వేశారు?

మొదటి పులకేశి, రెండో పులకేశి అని బడిలో చదువుకున్నవారికి, ఆ రాజులు తమను తాము అలాగే పిలుచుకున్నారనిపిస్తుంది. మన శాసనాల్లో ఈ అంకెలు ఉండవు. అవి చరిత్రకారులు తర్వాత తమ వీలు కోసం వేసిన గుర్తులు. కొత్త శాసనం దొరికి వంశావళిలో ఇంకో పేరు చేరితే అంకె జరగవచ్చు. అందుకే పాత పుస్తకంలోని "రెండో" ఫలానా రాజూ, కొత్త పుస్తకంలోని "రెండో" ఫలానా రాజూ ఒకరేనని గుడ్డిగా నమ్మకూడదు. పాలనా సంవత్సరాలు పక్కన పెట్టి చూడాలి.

కాకతీయుల విషయం దీనికి మంచి ఉదాహరణ. 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించింది రుద్రదేవుడు. ఇతనినే కొన్ని పుస్తకాలు మొదటి ప్రతాపరుద్రుడు అంటాయి. 1323లో ఢిల్లీ సైన్యానికి చిక్కిన చివరి రాజు రెండో ప్రతాపరుద్రుడు. ఈ ఇద్దరి మధ్య రుద్రమదేవి ఉంది. ఆమె శాసనాల్లో "రుద్రదేవ మహారాజు" అనే మగపేరుతో కనిపిస్తుంది! తండ్రి గణపతిదేవుడికి పెదనాన్న అయిన రుద్రదేవుడి పేరూ ఆమె పేరూ శాసనంలో ఒకటే అవుతాయి కాబట్టి, తేదీ చూడకుండా చదివితే 12వ శతాబ్దపు రాజు పనులు 13వ శతాబ్దపు రాణి ఖాతాలోకి వెళ్తాయి. ఇది చాలదన్నట్టు గజపతుల్లో మరో ప్రతాపరుద్రుడు ఉన్నాడు. 1497 నుంచి 1540 వరకు ఏలాడు, కృష్ణదేవరాయలతో తలపడ్డాడు. "ప్రతాపరుద్రుడి కాలంలో" అని మాత్రమే చెప్పే స్థానిక కథనం ఎదురైతే, అందులో రాయల పేరు ఉందా, ఢిల్లీ సుల్తానుల ప్రస్తావన ఉందా అన్నది ముందు వెతకాలి.

అంకెలు ఉన్నచోట కూడా అవి లెక్కకు నిలుస్తాయన్న హామీ లేదు. పోపుల జాబితాలో 20వ జాన్ లేడు. 10వ శతాబ్దపు 14వ జాన్‌ను మధ్యయుగాల జాబితాకారులు పొరపాటున ఇద్దరిగా లెక్కపెట్టారు. దాంతో 1276లో గద్దెనెక్కిన జాన్ 21వ వాడయ్యాడు. ఆ తర్వాత 23వ జాన్‌లు ఇద్దరు: 1410లో ఒక వర్గం ఎన్నుకున్న బల్దస్సారె కొస్సా, 1958లో ఎన్నికైన ఆంజెలో రోంకల్లి. మొదటివాడిని చర్చి అసలు పోపుగా లెక్కించదు, అందుకే అదే అంకె రెండోసారి వాడారు. స్వీడన్‌లో ఇంకా వింత. యోహానెస్ మాగ్నుస్ అనే ఆర్చ్‌బిషప్ 16వ శతాబ్దంలో రాసిన చరిత్రలో ఊహా రాజులు ఎందరో ఉన్నారు. దాన్ని నమ్మి అక్కడి రాజు తొమ్మిదో చార్లెస్ అనిపించుకున్నాడు. నిజంగా ఏలిన చార్లెస్‌లను లెక్కిస్తే అతను మూడోవాడు. యుద్ధాలతో పేరుపొందిన 12వ చార్లెస్ ఆరోవాడు. అంకె పెద్దదిగా ఉందని ముందు అంతమంది ఉన్నారనుకోవడం ఇలా దెబ్బతీస్తుంది.

బిరుదును పేరనుకుంటే

1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విడదీసి చదివినప్పుడు, స్తంభాల మీద, రాళ్ళ మీద "దేవానంపియ పియదసి" అనే రాజు బయటపడ్డాడు. ఎవరీ రాజు? సింహళ చరిత్రలో దేవానంపియ తిస్స అనే రాజు ఉన్నాడు కాబట్టి ప్రిన్సెప్ మొదట ఆ వైపు చూశాడు. సింహళంలో పనిచేస్తున్న జార్జ్ టర్నర్ పాలీ గ్రంథం ఆధారంగా పియదసి అంటే మౌర్య అశోకుడని చూపాడు. శాసనంలోనే అశోకుడి పేరు కనిపించింది 1915లో, కర్ణాటకలోని మస్కిలో. అశోకుడి మనవడు దశరథుడు కూడా నాగార్జుని కొండ గుహల శాసనాల్లో (బీహార్‌లోనివి) దేవానంపియ అనే చెప్పుకున్నాడు. దేవతలకు ప్రియుడు అనే ఆ మాట బిరుదు. ఒకరి సొత్తు కాదు. విక్రమాదిత్యుడి విషయంలోనూ ఇదే జరిగింది. చైనా చక్రవర్తులకు చనిపోయాక ఇచ్చే ఆలయ నామాలు కూడా అంతే: తాంగ్ వంశంలో తాయ్‌జోంగ్ ఉన్నాడు, సోంగ్ వంశంలోనూ ఉన్నాడు. వంశం పేరు ముందు పెట్టకుండా ఆ పేరు రాయడంలో అర్థం లేదు.

ఇద్దరు ముగ్గురు ఒక్కరైపోతే

పొరపాట్లు రెండు రకాలు. పలువురిని ఒకరిగా కలిపేయడం ఒకటి, ఒకరిని ఇద్దరిగా చీల్చడం మరొకటి. కలిపేయడమే ఎక్కువ, నష్టమూ దానితోనే ఎక్కువ. పెద్ద పేరున్నవాడు చిన్నవాడిని మింగేస్తాడు.

నాగార్జునుడి కథ చూడండి. బౌద్ధంలోని మాధ్యమిక శాఖ తత్త్వవేత్త నాగార్జునుడు సుమారు 2వ శతాబ్దం వాడు. తాంత్రిక సిద్ధుల పరంపరలో ఒక నాగార్జునుడున్నాడు. రసవిద్యలో, అంటే లోహాలు, పాదరసం ప్రయోగాల్లో, మరొకడు. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ రసవాది నాగార్జునుడి గురించి రాస్తూ, తనకు సుమారు వందేళ్ళ ముందు బతికినవాడన్నాడు. పేరు ఒకటే కావడంతో పరంపర అందరినీ ఒక్కరిని చేసింది. మరి కాలం కుదరదు కదా? టిబెట్ సంప్రదాయం ఆయనకు ఆరు వందల ఏళ్ళ ఆయుష్షు ఇచ్చి కుదిర్చింది. ఇది భక్తులకు మహిమ. చరిత్ర చదివేవారికి మాత్రం పక్కా హెచ్చరిక. ఒక మనిషి చేసినట్టు చెబుతున్న పనుల్లో మొదటిదానికీ చివరిదానికీ మధ్య డెబ్బై ఏళ్ళు దాటితే, ఆ పేరు వెనక ఇంకొకరు ఉన్నారేమోనని అనుమానించాలి.

ఐరోపాలో దీనికి సాటి వచ్చేది డియొనీసియస్. ఏథెన్స్‌లో పౌలు బోధ విని క్రైస్తవుడైన డియొనీసియస్ 1వ శతాబ్దం వాడు. పారిస్ తొలి బిషప్‌గా చెప్పే డెనీ 3వ శతాబ్దం వాడు. అదే పేరుకు ఫ్రెంచి రూపం డెనీ. 6వ శతాబ్దం మొదట్లో ఏథెన్స్ డియొనీసియస్ పేరుతో కొన్ని గ్రీకు వేదాంత గ్రంథాలు వెలుగులోకి వచ్చాయి. 830ల్లో పారిస్ దగ్గరి సెయింట్ డెనీ మఠాధిపతి హిల్డుయిన్ ఈ ముగ్గురినీ ఒక్కరిగా కలిపి జీవితచరిత్ర రాశాడు. మఠానికి దానితో వచ్చిన గౌరవం అంతా ఇంతా కాదు. 1121 ప్రాంతంలో అక్కడే సన్యాసిగా ఉన్న అబెలార్డ్, పాత ఇంగ్లీషు చరిత్రకారుడు బీడ్ రాతల్లో దీనికి విరుద్ధమైన మాట చూసి బయటపెట్టాడు. తోటి సన్యాసులు మండిపడ్డారు, అతను పారిపోవలసి వచ్చింది. గ్రంథాల సంగతి 1895లో తేలింది. కోఖ్, స్టిగ్ల్‌మయర్ అనే ఇద్దరు పండితులు విడివిడిగా, ఆ గ్రంథకర్త గ్రీకు తత్త్వవేత్త ప్రోక్లస్ రాతలను వాడుకున్నాడని చూపారు. ప్రోక్లస్ చనిపోయింది 485లో. 1వ శతాబ్దపు మనిషి 5వ శతాబ్దపు పుస్తకం చదవలేడు. ఎవరిని ఉదహరించాడు అన్న ప్రశ్న ఎంత పదునైన కత్తో దీనితో తెలుస్తుంది.

బొమ్మల్లో జరిగే కలగలుపు ఇంకా మొండిది, ఎందుకంటే బొమ్మను ఎవరూ ప్రశ్నించరు. ఫ్రెంచి గణితవేత్త ఆద్రియాఁ మరీ లెజాండ్ర్ 1752లో పుట్టి 1833లో పోయాడు. ఆయన బొమ్మగా పుస్తకాల్లో తరతరాలుగా అచ్చవుతూ వచ్చిన పక్క ముఖం ఆయనది కాదు. ఫ్రెంచి విప్లవంలో పాల్గొన్న, వృత్తిరీత్యా కసాయి అయిన లూయీ లెజాండ్ర్‌ది. బొమ్మ కింద ఇంటిపేరు ఒక్కటే ఉండడం అసలు లోపం. విచిత్రంగా ఇద్దరూ పుట్టింది 1752లోనే, కాబట్టి పుట్టిన ఏడు పక్కన వేసినా పొరపాటు దొరికేది కాదు. లూయీ 1797లోనే పోయాడు కనుక మరణ సంవత్సరం వేసివుంటే దొరికేది. 2005లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు ఒకే బొమ్మ ఇద్దరి పేరుతోనూ ఉండడం గమనించారు. గణితవేత్తది అని ఇప్పుడు తెలిసిన బొమ్మ, 1820 ప్రాంతంలో బొయ్యీ అనే చిత్రకారుడు గీసిన వ్యంగ్యచిత్రం ఒక్కటే. అందులో పక్కనే మరో గణితవేత్త ఫూరియే ఉన్నాడు.

ఇంటిపేరు ఒక్కటే మిగిలితే పనులు కూడా కలిసిపోతాయి. "బెర్నూలీ" అంటే ఎవరు? ద్రవాల ప్రవాహం మీద 1738లో పుస్తకం వేసిన డేనియల్ ఒకరు. బెర్నూలీ సంఖ్యలు, సంభావ్యతలో పెద్ద సంఖ్యల నియమం అతని పెదనాన్న యాకోబ్‌వి. సెయింట్ పీటర్స్‌బర్గ్ విరోధాభాసను (ఒక జూదపు పందెం విలువ గురించిన చిక్కుముడిని) 1713లో లేవనెత్తింది నికొలస్, అంటే డేనియల్‌కు పెదనాన్న కొడుకు. యాకోబ్ కొడుకు కాదు, మరో పెదనాన్న కొడుకు. దానికి జవాబు రాసింది మళ్ళీ డేనియల్. డేనియల్ సొంత అన్న పేరు కూడా నికొలస్! పాఠ్యపుస్తకాలు ఇంటిపేరుతో సరిపెట్టడం వల్ల ఒక కుటుంబపు రెండు తరాల శ్రమ ఒక్కరి నెత్తిన చేరుతోంది. మొదటిసారి రాసేటప్పుడైనా సొంత పేరు చేర్చడం కనీస బాధ్యత.

విడదీసే పద్ధతి

పని మొదలుపెట్టేటప్పుడు, ఇద్దరు ఉన్నారా ఒకరున్నారా అనే తీర్పుకు తొందరపడకూడదు. దొరికిన ఒక్కో ప్రస్తావనకు ఒక్కో చీటీ రాయాలి. పేరు మూలంలో ఎలా ఉందో అలాగే (సవరించకుండా), ఏ శకంలో ఏ సంవత్సరం, ఊరు, తండ్రి లేదా తల్లి పేరు, గోత్రం, పదవి, ఎవరిని ఉదహరించాడు, ఎవరు అతన్ని ఉదహరించారు. చీటీలను కాలక్రమంలో పేర్చితే చాలాసార్లు మధ్యలో పెద్ద ఖాళీ కనిపిస్తుంది. విడదీయవలసింది అక్కడే.

శకాల మార్పిడి దగ్గర ఎక్కువమంది జారిపడతారు. శాలివాహన శకానికి 78 కలపాలి (జనవరి నుంచి ఉగాది దాకా పడే తేదీలకు 79). విక్రమ శకం నుంచి 57 తీయాలి. గడిచిన కలి సంవత్సరాల నుంచి 3101 తీయాలి. శాసనంలో "సంవత్" అని మాత్రమే ఉంటే, విక్రమ సంవత్సరాన్ని శాలివాహన శకంగా చదివేస్తే మనిషి 135 ఏళ్ళు ముందుకు జరుగుతాడు. అప్పుడు లేని రెండోవాడు పుట్టుకొస్తాడు. ఒకే పేరున్న ఇద్దరి మధ్య తేడా సరిగ్గా 135 ఏళ్ళు వస్తే ముందు లెక్కనే అనుమానించండి.

ఈ పద్ధతి ఎంత శుభ్రంగా పనిచేస్తుందో భాస్కరుల దగ్గర చూడవచ్చు. మొదటి భాస్కరుడు ఆర్యభటుడి గ్రంథానికి వ్యాఖ్య రాసింది 629లో. రెండో భాస్కరుడు, లీలావతి గణితం రాసినవాడు, తన పుట్టిన ఏడు తానే చెప్పాడు: "రసగుణపూర్ణమహీ". రసాలు ఆరు, గుణాలు మూడు, పూర్ణం సున్న, మహి ఒకటి. భూతసంఖ్యలను, అంటే ఇలా మాటలతో చెప్పే అంకెలను, కుడి నుంచి ఎడమకు పేర్చాలి కాబట్టి శాలివాహన శకం 1036. దానికి 78 కలిపితే 1114. సిద్ధాంతశిరోమణి ముప్పై ఆరో ఏట రాశానన్నాడు కాబట్టి అది 1150. అంకెలను ఎడమ నుంచి చదివితే 6301 వస్తుంది, అర్థంలేనిదని వెంటనే తెలుస్తుంది. అన్ని సంఖ్యలూ ఇలా తమంతట తాము పట్టివ్వవు. తండ్రి మహేశ్వరుడు, శాండిల్య గోత్రం అని కూడా ఆయనే చెప్పాడు. మనవడు చాంగదేవుడు మహారాష్ట్రలోని పాటణ్‌లో వేయించిన 1207 నాటి శాసనం వంశక్రమం ఇస్తుంది. అందులో రెండో భాస్కరుడికి ఐదు తరాల ముందు భోజరాజు నుంచి విద్యాపతి బిరుదు పొందిన భాస్కరభట్టు ఉన్నాడు! ఒకే ఇంట్లో మరో భాస్కరుడు. "భాస్కరుడు, శాండిల్య గోత్రం" అన్నంత మాత్రాన లీలావతి కర్తేనని తేల్చలేం. తండ్రి పేరు కలవాలి. ఇస్రో 1979లో, 1981లో పంపిన ఉపగ్రహాల పేర్లు భాస్కర-1, భాస్కర-2. అవి వరుస సంఖ్యలు; ఒక్కో శాస్త్రవేత్తకు ఒక్కో ఉపగ్రహం అని పొరపడకూడదు.

గుర్తులన్నిటికీ ఒకే బరువు ఉండదు. పేరు, బిరుదు, గోత్రం, ప్రాంతం తేలిక గుర్తులు, వేలమందికి ఉంటాయి. తండ్రి పేరు, తేదీ ఉన్న ఒక పని, ఫలానా గ్రంథం నాదేనన్న మాట, ఇవి బరువైనవి. బరువైనవి కనీసం రెండు, ఒకదాని నుంచి ఒకటి ఎత్తిరాసినవి కాకుండా, విడివిడి మూలాల నుంచి కలిసేదాకా ఇద్దరినీ విడిగానే ఉంచాలి. విడిగా ఉంచినవారిని ఆధారాలు దొరికాక కలపడం తేలిక. కలిపేసినవారిని విడదీయడానికి డియొనీసియస్ విషయంలో వెయ్యేళ్ళు పట్టింది.

వృత్తి మీద మాత్రం అసలు ఆధారపడకూడదు. విన్‌స్టన్ చర్చిల్ అనే పేరుతో 1871లో పుట్టిన అమెరికన్ నవలాకారుడు ఒకరు, 1874లో పుట్టిన బ్రిటిష్ ప్రధాని మరొకరు. ఇద్దరూ నవలలు రాశారు, ఇద్దరూ రాజకీయాల్లోకి దిగారు, ఇద్దరూ బొమ్మలు వేశారు. 1899 నాటికి అమెరికన్ పేరు మారుమోగుతోంది. కుర్రవాడైన బ్రిటిష్ చర్చిల్ ఆయనకు ఉత్తరం రాసి, ఇకపై తన పుస్తకాల మీద మధ్యలో స్పెన్సర్ చేర్చుకుంటానని ఒప్పుకున్నాడు. ఆయన పుస్తకాల అట్టల మీద "విన్‌స్టన్ ఎస్. చర్చిల్" అని ఉండడం అందుకే. ఆ ఒక్క అక్షరం లేని పాత పుస్తకం చేతికొస్తే ప్రధానిదని మురిసిపోకముందు ప్రచురణకర్తనూ ఏడాదినీ చూడాలి.

గ్రంథాలయాలు దీన్ని ఎప్పుడో పద్ధతిలో పెట్టాయి. "బేకన్, ఫ్రాన్సిస్, 1561–1626" అంటే తత్త్వవేత్త. "బేకన్, ఫ్రాన్సిస్, 1909–1992" అంటే చిత్రకారుడు. సంవత్సరాలు తెలియకపోతే పూర్తి పేరు గానీ వృత్తి గానీ చేరుస్తారు. ఇప్పుడు రచయితలకు, కళాకారులకు ఐఎస్ఎన్ఐ అనే 16 స్థానాల సంఖ్య ఉంది. అందులో చివరి స్థానం తనిఖీ అంకె. ముందున్న పదిహేనింటి నుంచి లెక్కగట్టి వేస్తారు, కాబట్టి మధ్యలో ఒక అంకె తప్పు కొడితే వెంటనే పట్టుబడుతుంది. పరిశోధకులకు 2012 నుంచి ఉన్న ఆర్కిడ్ సంఖ్య కూడా ఇదే పొందికలో ఉంటుంది. అయితే సంఖ్య సరైనదే అయినా దానికి తగిలించిన పుస్తకం తప్పు మనిషిది కావచ్చు. తనిఖీ అంకె దాన్ని పట్టుకోలేదు. ఒకే సంఖ్య కింద ఉన్న పుస్తకాల ప్రచురణ సంవత్సరాలను వరుసగా చూసి, రచయిత పుట్టకముందువి, పదేళ్ళ వయసులో రాసినట్టు కనిపించేవి ఏరితే తప్పుగా చేరినవి చాలావరకు బయటికొస్తాయి. చనిపోయాక వచ్చిన పుస్తకాలను మాత్రం అలా తీసేయకూడదు. అవి పునర్ముద్రణలు కావచ్చు, మొదటి ముద్రణ ఏడాది చూశాకే పక్కన పెట్టాలి.